మజ్జిగను తాగేసిన టీ

1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా దువ్వూరు, అహోబిలం, మహానంది, ఆత్మకూరు దాటి శ్రీశైలం చేరాడు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లు ఎట్లాంటివి, ఎక్కడ దిగడానికి వీలుంది అని అన్నీ రాసుకుంటూ పోయిన మనిషి. ఆ దారిలో ఇప్పుడు టీ బంకు లేని క్రాస్‌రోడ్డు లేదు. ఆయన నడిచిన కాలానికి మాత్రం మన దేశంలో తేయాకు తోటల వ్యాపారమే పుట్టలేదు. అస్సాం తేయాకు మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది 1839లో, అస్సాం కంపెనీ పుట్టిందీ ఆ ఏడే. మావైపు ఆ సంవత్సరాన్ని ఇంకో సంగతికి గుర్తుపెట్టుకుంటారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంఫిణీవాళ్లు గద్దె దించింది 1839లోనే. నవాబు పోయిన తర్వాత ఇంకో వందేళ్లకు గానీ మా పల్లెల్లో టీ పొయ్యెక్కలేదు.

హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కంపెనీలు, చట్టాలు, తేదీలు నాకు బాగానే పట్టుబడతాయి. అయితే టీ కథను అందరూ ఆకు దగ్గర మొదలుపెట్టి ఆకు దగ్గరే ముగిస్తారు. మా సీమలో అది చాలదు. జమ్మలమడుగు పక్క పల్లెలో పుట్టి, నంద్యాలకు కోడలిగా వచ్చి, రెండుచోట్లా పొయ్యి దగ్గర నిలబడి చూసిన నాకు తోచింది ఒకటే. ఇక్కడ టీ రుచిని నిర్ణయించింది నీళ్లూ పాలూ. ఆ టీకి మేము కట్టిన వెల మజ్జిగ.

ముందు నీళ్ల సంగతి. కడప, కర్నూలు జిల్లాల్లో ఏడాదికి పడే వాన అటూ ఇటూగా 700 మిల్లీమీటర్లు. అదీ పడితే. మాది నాపరాయి నేల. జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టూ తవ్వితే సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు ఇక్కడికి. ఆ రాతిలో ఊరిన బావినీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగరాదు. టీ కాస్తే పైన జిడ్డులాంటి తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. నీళ్లలోని సున్నం చేసే పని అది. అందుకే మా పల్లెలో రెండు బిందెలుండేవి. వాడకానికి ఉప్పునీళ్ల బిందె, తాగేదానికి పెన్న ఇసుకలో చెలమ తీసి తోడిన మంచినీళ్ల బిందె. ఎండాకాలంలో ఆ రెండో బిందె కోసం తెల్లారకముందే పోవాల. ఆ నీళ్లతో టీ కాయడమంటే దుబారా కిందే లెక్క. కాబట్టి ఉప్పునీళ్లతోనే కాసేవాళ్లు, ఆ ఉప్పదనం తెలియకుండా సొంటి దట్టించేవాళ్లు. మసాలా టీ ఎక్కడో రాజసం కోసం పుట్టిందేమో, మా ఇంట్లో అది బావి చేసిన తప్పును సర్దడానికి పుట్టింది.

టీ రాకముందు పొద్దున్నే ఏం తాగేవాళ్లు? పొలం పోయేవాళ్లకు రాత్రి అన్నంలోనో సంగటిలోనో మజ్జిగ పోసి పెట్టిన సద్ది. పలచగా కావాలంటే అంబలి. జలుబు చేస్తే సొంటి కషాయం, కడుపులో బాగోలేకపోతే ధనియాల కషాయం, రెండింట్లోనూ బెల్లం. నల్లరేగడి చేలల్లో వాన వెనకబడ్డాక కూడా పండే పైరు ధనియాలు. కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు శనగతోపాటు వేసేవాళ్లు, ఇంట్లో డబ్బాలకు కరువుండేది కాదు. మిరియాలు కోమటి అంగడిలో కొనాల. యాలకులు కేరళ కొండల నుంచి రావాల, అందుకని పెండ్లిళ్లకూ పాయసానికీ మాత్రమే. అంటే టీ పొడి వచ్చే నాటికే మా వంటింట్లో మరిగే నీళ్లూ, నలగ్గొట్టిన సొంటీ, బెల్లమూ సిద్ధంగా ఉన్నాయి. లోపించింది ఆకు ఒక్కటే.

ఆ ఆకు ఒక దారిలో వచ్చింది, కాఫీ ఇంకో దారిలో. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుపట్టాలు 1871కే పూర్తయ్యాయి. కడప ఆ దారిలో ఉంది. మద్రాసు అలవాట్లు రైలెక్కి కడపకు వచ్చాయి, వాటిలో పెద్దది కాఫీ. అగ్రహారాల్లో, ప్లీడర్ల ఇళ్లలో కాఫీ ముందు కుదురుకుంది. కర్నూలు సంగతి వేరు. తుంగభద్ర అవతలి గట్టు నిజాం రాజ్యం. ఆలంపురం, గద్వాల అటువైపే. హైదరాబాదు చాయ్ ఏరు దాటి రావడానికి ఎంతో సేపు పట్టదు. రెండు ఊళ్లలోనూ ఉర్దూ మాట్లాడే ముస్లిం ఇళ్లు చాలా ఉన్నాయి. కడప పెద్దదర్గా ఉరుసుకు వచ్చే జనమూ, రంజాన్ రాత్రుళ్లు మేలుకునే వీధులూ చాయ్‌ను చాలా మామూలు సంగతి చేశాయి. నా చిన్నప్పుడు కూడా పెద్ద ఇంటికి పోతే “కాపీ తాగుతావా” అనేవాళ్లు, కూలోళ్ల ఇంటికో సాయిబుల ఇంటికో పోతే “టీ తాగుతావా” అనేవాళ్లు. ఏది తాగుతారన్నదాన్ని బట్టి మనిషి ఎక్కడివాడో తెలిసిపోయేది.

ఇక ఆకును అమ్మేవాళ్ల తొందర. 1903లో వచ్చిన తేయాకు సెస్ చట్టం ఎగుమతయ్యే టీ మీద చిన్న సుంకం వేసి, ఆ డబ్బును ప్రచారానికి కేటాయించింది. మొదట్లో ప్రచారమంతా ఎక్కువగా బయటి దేశాల్లోనే. 1929 మాంద్యంతో ధరలు కూలాయి. 1933లో టీ పండించే దేశాలు ఎగుమతులకు హద్దు పెట్టుకుంటూ ఒప్పందం చేసుకున్నాయి. మిగిలిపోయిన ఆకును ఎవరో తాగాలి గదా? అప్పుడు తోటలవాళ్ల చూపు ఈ దేశపు నోళ్ల మీద పడింది. సెస్ కమిటీ 1937లో ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డుగా మారి, ఊరూరా ప్రదర్శకులను పంపింది. రైల్వే స్టేషన్లలో టీ ఎట్లా కాయాలో చెప్పే ఎనామిల్ బోర్డులు వెలిశాయి. బ్రూక్‌బాండ్‌లాంటి కంపెనీలు పేదలు కొనగలిగేటట్టు చిన్నచిన్న పొట్లాలు కట్టాయి.

వాళ్లు నేర్పిన పద్ధతి ఇంగ్లీషువాళ్లది. నీళ్లు మరగనిచ్చి, ఆకు మీద పోసి, మూతపెట్టి, కొద్దిగా పాలు కలపమని. మా జేజి చెప్పేది, ఊళ్లోకి వచ్చినవాళ్లు చావడి దగ్గర అట్లా కాసి అందరికీ ఊరికే పోశారట. తాగినవాళ్లు మొగం వికారంగా పెట్టి, “ఇందులో సొంటి లేదా?” అన్నారట. మసాలా వేస్తే ఆకు తక్కువ పడుతుందని ప్రచారకులకు గిట్టేది కాదు. పాలు, చక్కెర కుమ్మరించి ఉడకబెట్టడమూ వాళ్లకు నచ్చేది కాదు. పొట్లం మీద రాసింది ఎవరు చదివారు! చదవడం వచ్చినవాళ్లు కాఫీ తాగుతున్నారు.

ఇంకో మెలిక ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని మరుసటి ఏడు, 1938 అక్టోబరులో, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఈతకల్లు ఆగిపోయింది. గాంధీగారు కల్లునే కాదు, టీ కాఫీలను కూడా వద్దన్నారు. టీలోని టానిన్ కడుపుకు చేటని ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో చెప్పారు. ఊళ్లో ఖద్దరు కట్టిన మేష్టర్లు రెండింటినీ కలిపి తిట్టేవాళ్లు. కానీ సాయంత్రం పూట పని ముగిసి ఒకచోట కూర్చునే మనుషులకు చేతిలో ఏదో ఒకటి ఉండాల. కల్లుముంత ఖాళీ చేసిన చోటును టీ గ్లాసు ఆక్రమించింది. యుద్ధం రోజుల్లో నిషేధం సడలి, తర్వాత మళ్లీ వచ్చింది. టీ మాత్రం వచ్చినది వచ్చినట్టే ఉండిపోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. గుంటూరు, బెజవాడ, మద్రాసు నుంచి గుమాస్తాలు దిగారు. మా చిన్నాయన ఒకరు అక్కడ టైపిస్టు. ఫైలు కదలాలన్నా టీ, కదలకుండా ఆగాలన్నా టీ అనేవాడు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవలోనే. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గుడారాలు ఎత్తేశారు. గుడారాలకు టీ పోసిన హోటళ్లు మాత్రం ఎత్తలేదు. చిన్నాయన పండక్కి ఊరికి వస్తూ టీ పొడి డబ్బా తెచ్చేవాడు. మా ఇంట్లో టీ అనేది రోగమొచ్చినప్పటి మందు స్థాయి నుంచి రోజువారీ అలవాటైంది ఆ డబ్బాతోనే.

అప్పుడే మొదలైంది జేజి పోరాటం. మా ఇంట్లో రెండు ఎనుములుండేవి. పాలన్నీ సాయంత్రం తోడు వేయాల, తెల్లారి చిలకాల, వెన్న కాచి నెయ్యిని ప్రొద్దుటూరు బజారుకు పంపాల. ఇంట్లో ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు వచ్చేది ఆ నెయ్యితో. మిగిలిన మజ్జిగకు వెల లేదు. మజ్జిగ అమ్ముకోవడం అవమానం, పాలు అమ్ముకోవడం పాపం. చెంబు పట్టుకొని వచ్చిన ప్రతివాళ్లకూ పోయాల్సిందే. ఎనుము లేని ఇళ్లలో రాగిసంగటికి తోడు ఆ మజ్జిగే. చిలికే చప్పుడు వినపడితే చాలు, వీధి పిల్లలు గిన్నెలతో వరసకట్టేవాళ్లు. అట్లాంటి ఇంట్లో పొద్దున్నే అరశేరు పాలు టీకి పొయ్యమంటే జేజి ఒప్పుకుంటుందా? “టీనీళ్లకు పోసేదానికేనా ఎనుమును మేపేది?” అని చిన్నాయన మీద విరుచుకుపడేది. అరశేరు పాలు పోతే ఎంత వెన్న పోతుందో, ఎన్ని చెంబుల మజ్జిగ పోతుందో ఆమెకు వేళ్లమీద ఉండేది.

ఆమె చేసిన రాజీ మా ఇంటి టీ అయింది. పాలు తక్కువ, సొంటి ఎక్కువ, చక్కెర బదులు బెల్లం. వేయించిన ధనియాలు, సొంటి, నాలుగు మిరియాలు కలిపి రోట్లో దంచి డబ్బాలో పోసి పెట్టేది. పాలు తక్కువైన సంగతి నాలుకకు తెలియకుండా ఆ పొడి కాపాడేది. కరువు ముదిరి, గడ్డి దొరక్క ఎనుములు వట్టిపోయిన ఏడాది పాలు ఇంకా తగ్గేవి, పొడి ఇంకా పెరిగేది. ఇప్పుడు సొంటి ఘాటు తగిలితే పట్నంవాళ్లు ‘స్పెషల్’ అంటారు. మా దగ్గర ఘాటు పెరిగిందంటే ఎనుము పాలివ్వలేదని అర్థం.

బెల్లం టీకి ఒక ఒడుపు ఉంది. పాలల్లో బెల్లం వేసి మరిగిస్తే విరుగుతాయి. బెల్లంలోని పులుపూ లవణాలూ ఆ పని చేస్తాయి. అందుకని నీళ్లల్లో టీపొడి, సొంటి, బెల్లం వేసి డికాషన్ కాచి దించి, విడిగా కాచిన పాలు ఆఖర్న కలపాల. పచ్చి అల్లానికి ఇంకో పేచీ. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే గుణం ఉంది, బాగా మరిగితే గానీ అది చావదు. నంద్యాల వచ్చిన కొత్తలో మా పక్కింటి ఖాలా ఇది చెప్పింది. “అల్లం ముందు నీళ్లల్లో ఉడకల్ల మే, తర్వాతే పాలు,” అని. ఆమె టీలో ధనియాలుండవు. చెక్క, లవంగం, అల్లం, చివర్లో రెండు యాలక్కాయలు. యాలకులు ముందే వేస్తే వాసనంతా ఆవిరిలో పోతుందని, దించే ముందు చితక్కొట్టి వేసి మూతపెట్టేది. మా జేజి టీ తాగితే గొంతు తెరుచుకుంటుంది, ఖాలా టీ తాగితే ఆకలి పుడుతుంది. నేను రెండూ కలిపాను. నలుగురికి రెండు గ్లాసుల నీళ్లు, రెండు గ్లాసుల పాలు, నీళ్లల్లో అల్లం, మిరియం, కాస్త సొంటి. నీళ్లు తెర్లాక నాలుగు చిన్న చెంచాల డస్ట్ టీ. పాలు పోసి రెండు పొంగులు. చక్కెర. ఆఖర్న యాలకి. పాలల్లోని మాంసకృత్తులకు టీలోని వగరు అంటుకుపోతుంది కాబట్టి రెండో పొంగు తర్వాత నాలుక పీకదు.

డస్ట్ టీ అన్నాను గదా, దాని వెనక ఒక యంత్రం ఉంది. 1930ల మొదట్లో అస్సాంలోని ఆమ్‌గూరి తోటలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఆకును నలగ్గొట్టి, చీల్చి, చుట్టే పద్ధతి కనిపెట్టాడు. సీటీసీ అంటే అదే. స్వాతంత్ర్యం తర్వాత అది పెద్దఎత్తున పాకింది. కిలో ఆకుతో ఎక్కువ గ్లాసులు వస్తాయి, రంగు తొందరగా దిగుతుంది, ఎన్ని పాలు పోసినా గట్టిగా నిలుస్తుంది. కూనూరులో 1963లో వేలం కేంద్రం మొదలయ్యాక నీలగిరి డస్ట్ మావైపు అంగళ్లకు దగ్గరైంది. మసాలాకూ ఎనుము పాలకూ ఎదురు నిలవగలిగే ఆకు అట్లా పేదవాడి ధరకు దొరికింది. సున్నం నీళ్లల్లో కూడా రంగు చచ్చిపోదు. మాకు కావాల్సింది అదే.

ఇదంతా ఇంటి లోపలి కథ. గడప దగ్గర ఇంకో కథ నడిచేది, దాన్ని దాటేస్తే చరిత్ర అబద్ధమవుతుంది. మా ఇంట్లో జీతానికున్న మనిషికి టీ ఇచ్చేవాళ్లు. ఆయన గ్లాసు మాత్రం కొట్టం చూరులో దోపి ఉండేది. అంతకుముందు అదే చోట కొబ్బరిచిప్ప ఉండేదట. టీ తాగి, ఆయనే కడిగి, ఆయనే మళ్లీ చూరులో పెట్టాల. ఊరి హోటల్లో కూడా అంతే, లోపలివాళ్లకు గాజు గ్లాసులు, బయటివాళ్లకు వేరే గ్లాసులు. అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది 1955లో. నేను టీచరు ఉద్యోగంలో చేరినప్పుడు కూడా చాలా ఊళ్లలో ఆ రెండో వరుస గ్లాసులు చూశాను. మజ్జిగ పోసేటప్పుడు కూడా దూరం నుంచి ఎత్తి పోసేవాళ్లు. అందుకని పాతకాలపు మజ్జిగను నేను పొగిడేదానికి ఒక హద్దు ఉంది. ఊరికే ఇచ్చినంత మాత్రాన సమానంగా ఇచ్చినట్టు కాదు. డబ్బులిచ్చి టీ కొనుక్కునే చోట నిలదీసి అడిగే హక్కు పుట్టింది. “నా అణా తీసుకుంటివి గదా, నీ గ్లాసు ఎందుకీవు?” అని. ఊరికే పోసిన మజ్జిగ దగ్గర ఆ మాట అనడానికి లేదు. టీకి నేనిచ్చే పెద్ద మార్కు ఇదే.

మజ్జిగకు అసలు దెబ్బ 1970ల తర్వాత తగిలింది. దేశంలో 1970లో పాలవెల్లువ పథకం మొదలై, మావైపుకూ పాల సేకరణ వచ్చింది. నంద్యాలలో విజయ డెయిరీ వెలిసింది. పొద్దున్నే ఊరి చావడిలో పాలక్యాన్లు, వెన్నశాతం కొలిచే గొట్టాలు. పాపమన్న పాల అమ్మకం పరువైన ఆదాయమైంది. నెలకు రెండుసార్లు చేతికి డబ్బు రావడం ఆడవాళ్లకు పెద్ద ఊరట, దాన్ని నేను తక్కువ చేయను. కరువు సీమలో ఎనుము పాలడబ్బు పిల్లల ఫీజులు కట్టింది. అయితే పొద్దున పాలు క్యాన్‌లోకి పోయాక, మిగిలిన గ్లాసెడు టీకి పోయాక, తోడుపెట్టడానికి ఏముంది? చిలకడానికి ఏముంది? కవ్వం మూలన చేరింది. ఎనుము లేని ఇల్లు సంగటిలోకి మజ్జిగ కోసం గిన్నె పట్టుకొని వెళ్లే గడపే లేకుండా పోయింది. ఆ ఇంట్లోవాళ్లు కూడా టీ అలవాటు చేసుకున్నారు. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లకు పదిగంటలకు అంబలి బదులు స్టీలు క్యాన్‌లో టీ వచ్చింది. కడుపు నింపేది పోయి ఆకలి చంపేది వచ్చింది. బళ్లో నా ముందు కూర్చున్న పిల్లల్లో చాలామంది సద్ది తినకుండా టీ తాగి వచ్చినవాళ్లే. మొదటి పీరియడ్‌లో చురుగ్గా ఉండేవాళ్లు, మూడో పీరియడ్‌కు తలలు వాలిపోయేవి.

టీ మన పాత ఆచారమని పెండ్లి పిలుపుల్లో, టీవీ వంటల్లో చెబుతుంటే నవ్వొస్తుంది. ఇంట్లో పొద్దున్నే టీ అనేది మా పల్లెలో మా అమ్మ కంటే చిన్నది. దాన్ని మనదిగా చేసింది కంపెనీ ప్రదర్శకుడు కాదు, ఆయన వద్దన్నవన్నీ వేసిన జేజిలూ ఖాలాలూ. ఆ ఘనత వాళ్లకిద్దాం. లెక్క మాత్రం పూర్తిగా వేద్దాం. అందులో ఆకు ధర, చక్కెర ధర, పాల ధరతోపాటు, ఊరికే దొరికి ఆగిపోయిన చెంబెడు మజ్జిగ కూడా పడాల.

నేను రోజూ టీ తాగుతాను, మానే ఉద్దేశం లేదు. కానీ ఎండాకాలంలో మా గడపలోకి కొరియర్ పిల్లోడు వచ్చినా, కూరగాయలామె వచ్చినా ముందు మజ్జిగే ఇస్తాను, టీ తర్వాత అడుగుతాను. పాలు ప్యాకెట్లలో కొనే ఇంట్లో అది ఖర్చే. ఒకప్పుడు ఎనుమున్న ఇల్లు ఆ ఖర్చును లెక్కలో రాయకుండానే భరించింది. ఇంట్లో ఉన్న గ్లాసుల్లో ఏదో ఒక గ్లాసులో పోసి, ఇప్పుడు మనమూ భరించవచ్చు.